ఏ మెతుకు పట్టి చూడాలి?

విశాఖ రేవులో దిగే ప్రతి కంటైనర్ తలుపు మీదా ఒక నంబరు ఉంటుంది. ముందు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత ఆరు అంకెలు, చివర చిన్న గడి గీసి అందులో ఇంకో అంకె. మొదటి మూడక్షరాలు యజమాని ఎవరో చెబుతాయి. నాలుగోది అది ఏ రకం పరికరమో చెబుతుంది. సరుకు కంటైనర్లకు అది ‘యూ’. ఆరంకెలూ యజమాని వేసుకున్న వరస నంబరు. గడిలో అంకె మాత్రం ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు. ముందున్న పదింటినీ లెక్కగట్టి తేల్చాల్సిన అంకె అది. దాన్ని చెక్ డిజిట్ అంటారు. ప్రపంచంలో ఏ రేవుకు వెళ్ళినా లెక్క ఒకటే. ఐఎస్ఓ 6346 అనే ప్రమాణం దాన్ని నిర్దేశించింది.

ఈ అంకె ఎందుకంటే, గేటు దగ్గర ఎండలో లారీలు బారులు తీరినప్పుడు నంబరు కొట్టేవాళ్ళు 5 బదులు 6 కొడతారు, పక్కపక్క అంకెలు తారుమారు చేస్తారు. రొయ్యలున్న పెట్టెకు బదులు ఇంకెవరిదో ఖాళీ పెట్టె ఓడెక్కుతుంది. చెక్ డిజిట్ ఉంటే, లెక్క కలవని నంబర్ని కంప్యూటర్ అక్కడికక్కడే ఆపేస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. ‘ఏ’కి 10 విలువ. అక్కడినుంచి ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవాలి గానీ 11తో భాగింపబడే సంఖ్యల్ని వదిలేయాలి. అందుకని ‘బీ’కి 11 కాదు, 12. ‘కే’కి 21, ‘ఎల్’కి 23. ‘యూ’కి 32, ‘వీ’కి 34. ‘జడ్’ దగ్గరికొచ్చేసరికి 38. పది స్థానాలకూ ఎడమ నుంచి 1, 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ 512 దాకా బరువులుంటాయి. విలువని బరువుతో గుణించి, అన్నీ కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషమే చెక్ డిజిట్. పాఠాల్లో తరచూ కనిపించే ఉదాహరణ సీఎస్‌క్యూయూ 305438. మొత్తం 6185, శేషం 3. గడిలో 3 ఉండాలి. ఒకవేళ శేషం 10 వస్తే? గడిలో ఒక్క అంకెకే చోటుంది కాబట్టి దాన్ని 0గా రాస్తారు.

రెండో సంవత్సరం ఇంజనీరింగ్ చదివే విద్యార్థి ఈ లెక్క చేసే ప్రోగ్రాంని ఇరవై లైన్లలో రాసేస్తాడు. సీఎస్‌క్యూయూ 305438 ఇచ్చి నడిపితే 3 వస్తుంది. ఇంకో రెండు నంబర్లు ఇస్తాడు, అవీ సరిపోతాయి. ప్రోగ్రాం సరిగ్గా ఉందా? మధురవాడ, గాజువాక, రుషికొండ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా ఎందరో విద్యార్థులు చదివే టెస్టింగ్ సబ్జెక్టు సారమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

అన్నీ పరీక్షిద్దామంటే ఎన్నున్నాయో చూడండి. మూడక్షరాలకు 17,576 అమరికలు, ఒక్కోదానికి పది లక్షల వరస నంబర్లు. మొత్తం 1,757 కోట్లకు పైమాటే. సెకనుకొకటి చొప్పున మనిషి కూర్చుని చూస్తే అయిదున్నర శతాబ్దాలు. కంప్యూటర్ చకచకా నడిపేస్తుంది, నిజమే. అయితే అది ఇచ్చిన జవాబు ఒప్పో తప్పో తేల్చేదెవరు? ఆ ప్రోగ్రాంనే అడిగితే అది తన జవాబే ఒప్పంటుంది. ప్రతి టెస్టుకూ ప్రోగ్రాంతో సంబంధం లేని చోటినుంచి, ముందే తెలిసిన జవాబు ఒకటి కావాలి. టెస్టింగ్‌లో ఖరీదైన భాగం అదే. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1970 ప్రాంతంలోనే దీని హద్దు చెప్పేశాడు: పరీక్షలు తప్పులున్నాయని చూపగలవు, లేవని రుజువు చేయలేవు. కనుక మన చేతిలో ఉన్నది ఎంపిక ఒక్కటే. కోట్లలోంచి పదో పన్నెండో ఏరుకోవాలి, అవి తప్పుని తప్పించుకోనివ్వకూడదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. అది నిజమవడానికి కారణం, ఆ గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడకడం. ప్రోగ్రాంలో గిన్నెలు చాలా ఉంటాయి, బయటికి కనబడవు. ఎన్ని గిన్నెలున్నాయో ముందు తేల్చుకుని, ఒక్కోదాన్నుంచి ఒక మెతుకు తీయాలి. ఈ గిన్నెల్నే పుస్తకాల్లో ఈక్వివలెన్స్ క్లాసులంటారు. నిర్వచనం పరీక్షలో రాసినవాళ్ళు చాలామందే ఉంటారు. ఎదురుగా ఉన్న ప్రోగ్రాంలో గిన్నెల్ని లెక్కపెట్టగలిగితేనే ఆ చదువు పనికొచ్చినట్టు.

మన చెక్ డిజిట్ ప్రోగ్రాంలో లెక్కపెడదాం. అక్షరాల్లో నాలుగున్నాయి: ‘ఏ’ ఒక్కటే ఒకటి, ‘బీ’ నుంచి ‘కే’ దాకా రెండోది, ‘ఎల్’ నుంచి ‘యూ’ దాకా మూడోది, ‘వీ’ నుంచి ‘జడ్’ దాకా నాలుగోది. రాసినవాడు 11, 22 వదిలేసి 33 సంగతి మరిచాడనుకోండి. ‘యూ’ వరకూ అన్నీ సరిగ్గానే వస్తాయి. ఎంఎస్‌సీయూ అని మొదలయ్యే కంటైనర్లు ఎన్ని పరీక్షించినా పచ్చజెండాయే. జడ్‌ఐఎంయూ అని మొదలయ్యేది వచ్చిందా, ‘జడ్’ విలువ 38కి బదులు 37 పడుతుంది, సరైన నంబర్ని ప్రోగ్రాం చాలాసార్లు తప్పంటుంది. ఇజ్రాయెల్ ఓడల కంపెనీ జిమ్ పెట్టెల మీద ఉండే అక్షరాలవి. లారీ గేటు దగ్గరే నిలిచిపోతుంది.

శేషం వైపు చూస్తే రెండు గిన్నెలు: 0 నుంచి 9 దాకా ఒకటి, 10 ఇంకొకటి. అదే సీఎస్‌క్యూయూ తీసుకుని వరస నంబరు 305430 చేయండి. మొత్తం 2089, శేషం 10. ప్రోగ్రాం 0 అనాలి. శేషాన్ని ఉన్నదున్నట్టు ముద్రించే ప్రోగ్రాం ఇక్కడ 10 అంటుంది. దీనికి తోడు ఇంకో చిక్కుంది. శేషం 10 వచ్చే వరస నంబర్లు వాడకపోవడం మంచిదని ఆ ప్రమాణమే సలహా ఇస్తుంది. అందువల్ల అలాంటి కంటైనర్ అరుదుగా తగులుతుంది, తప్పు ఏళ్ళతరబడి ప్రోగ్రాంలోనే దాక్కుంటుంది. వాడుకలో ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి ప్రోగ్రాం మంచిదే అనుకోవడం ఇందుకే ప్రమాదం.

గిన్నెకీ గిన్నెకీ మధ్య అంచు దగ్గర తప్పులెక్కువ. ‘కంటే ఎక్కువ’ అనాల్సిన చోట ‘సమానం లేదా ఎక్కువ’ అని రాయడం ఎవరికైనా జరుగుతుంది. పోర్టు వేబ్రిడ్జి మీద లారీ బరువు 40 టన్నులు మించకూడదని నియమం పెట్టామనుకుంటే, 25 టన్నుల లారీతో చేసే టెస్టుకు పెద్ద విలువ లేదు. సరిగ్గా 40, దానికి ఒక్క తూకం మెట్టు తక్కువ, ఒక్క మెట్టు ఎక్కువ. ఈ మూడూ చూడాలి. దీని పేరు బౌండరీ వాల్యూ టెస్టింగ్. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. దాని ధర ఎంతో మన రాష్ట్రం గడ్డ మీదే తెలిసొచ్చింది. 1993 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మొట్టమొదటిసారి ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహంతో లేచింది. కింది దశలు పనిచేశాయి. రెండో దశ విడిపోయే వేళ రాకెట్ కుదుపుకు లోనైంది. దాన్ని సరిదిద్దడానికి నియంత్రణ కంప్యూటర్ లెక్కగట్టిన ఆదేశం గరిష్ఠ హద్దు దాటింది. హద్దు దాటినప్పుడు ఏం చేయాలో చెప్పే చోటే సాఫ్ట్‌వేర్‌లో తప్పుంది. ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. ఇస్రో కారణం వెతికి పట్టుకుంది, సరిదిద్దింది. 1994 అక్టోబర్ 15న రెండో పీఎస్ఎల్‌వీ జయప్రదంగా ఎగిరింది. మామూలు ప్రయాణంలో ఆ విలువ హద్దు దాకా రాదు. రానిదాన్ని రప్పించి చూడటమే టెస్టర్ పని.

ఐరోపా వాళ్ళకూ ఇదే జరిగింది. 1996 జూన్ 4న ఏరియాన్-5 తొలి ప్రయోగం. ఏరియాన్-4లో బాగా పనిచేసిన ప్రోగ్రాం ముక్కని ఇందులోకి తెచ్చారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. 32,767 మించని చోటులో అంతకన్నా పెద్ద సంఖ్య పెట్టబోయి, ప్రధాన ఇంజిన్ వెలిగించడం మొదలైన 37 సెకన్లకు మార్గదర్శక వ్యవస్థ మూగబోయింది. పాత దారికి సరిపోయిన కోడ్‌ని కొత్త దారి లెక్కలతో పరీక్షించలేదు.

ఇప్పటిదాకా ప్రోగ్రాం లోపలికి చూడకుండా, అది చేయాల్సిన పనిని బట్టి టెస్టులు ఎంచుకున్నాం. ఇది బ్లాక్ బాక్స్. లోపలి కోడ్ చూసి, ఏ లైను నడిచింది, ఏ మలుపు తిరిగింది అని లెక్కపెట్టేది వైట్ బాక్స్. జేఎన్‌టీయూ పాఠ్యప్రణాళికల్లో ‘సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మెథడాలజీస్’ సబ్జెక్టు చాలాకాలంగా బోరిస్ బైజర్ పుస్తకం మీదే నడిచింది. ఆ పుస్తకం ఎక్కువ పేజీలు వెచ్చించింది ఈ దారుల లెక్కల మీదే: ఫ్లో గ్రాఫులు, పాత్ టెస్టింగ్, స్టేట్ గ్రాఫులు. గట్టి పుస్తకం. దాన్ని బట్టీ పట్టినవాళ్ళకి తరచూ ఏర్పడే భ్రమ ఒకటుంది: నూటికి నూరు శాతం లైన్లు నడిపితే పరీక్ష పూర్తయినట్టేనని. మన కంటైనర్ ప్రోగ్రాంకే రండి. శేషం 10 అయితే 0 చేయి అనే లైను రాసి ఉంటే, అది ఎప్పుడూ నడవలేదని కవరేజ్ రిపోర్టు చూపిస్తుంది. ఆ లైను అసలు రాయకపోతే? రిపోర్టు నూరు శాతం అంటుంది. రాయని లైనుని ఏ పరికరమూ లెక్కపెట్టలేదు. అది అవసరమని చెప్పేది నియమాల పత్రం, దాన్ని చదివిన మనిషి.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ వైపు వెళితే ఇంకో రకం చిక్కు. ముడి ఇనుము కరిగేది గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో. దాన్ని ఉక్కు చేసేది స్టీల్ మెల్ట్ షాపులోని కన్వర్టర్లలో. పైనుంచి లాన్స్ అనే గొట్టం దించి, మరుగుతున్న లోహం మీదికి ఆక్సిజన్ ఊదుతారు. లాన్స్ కరిగిపోకుండా దాని గోడల్లో నీళ్ళు తిరుగుతుంటాయి. ఆ నీళ్ళు కరిగిన లోహంలో పడితే పేలుడే. అలాంటి చోట ఒక ఇంటర్‌లాక్ ప్రోగ్రాం రాయాలనుకుందాం: కన్వర్టర్ నిటారుగా ఉండాలి, నీటి ప్రవాహం సరిగ్గా ఉండాలి, ఆక్సిజన్ ఒత్తిడి సరిపోవాలి, మూడూ ఉంటేనే ఊదాలి. మూడు షరతులకు 8 సందర్భాలు. ఊదే టెస్టు ఒకటి, ఊదని టెస్టు ఒకటి చేస్తే రెండు వైపులా మలుపు తిరిగినట్టే. అయితే ఊదని టెస్టులో మూడు షరతులూ ఒకేసారి తప్పించామనుకోండి, నీటి షరతు పక్కన సెన్సర్ పేరు తప్పు రాసున్నా మనకు తెలియదు. మూడూ సరిగ్గా ఉన్నది ఒకటి, ఒక్కొక్కటే విడిగా తప్పినవి మూడు. కనీసం ఈ నాలుగు టెస్టులు కావాలి. ప్రతి షరతూ తన సొంత బలంతో ఫలితాన్ని మార్చగలదని ఈ నాలుగే చూపిస్తాయి. విమానాల సాఫ్ట్‌వేర్‌లో అత్యంత కీలకమైన భాగాలకు ఈ తరహా పరీక్ష తప్పనిసరి అని 1992లో వచ్చిన డీఓ-178బీ ప్రమాణం పెట్టింది.

షరతులు మూడే కాబట్టి ఇక్కడ లెక్క చిన్నది. అంశాలు పదీ పన్నెండూ అయి, ఒక్కోదానికి మూడేసి విలువలుంటే? ఇక్కడ విశాఖ గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు ఒకటుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరికీ తెలిసిన సి.ఆర్. రావు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖలో చదువుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో పట్టా పుచ్చుకుని, యుద్ధకాలంలో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో అక్కడి భారతీయ గణాంక సంస్థలో చేరారు. ఆయన 1940లలో తీర్చిదిద్దిన ఒక ఊహకు ఆర్థోగొనల్ అరేలు అని పేరు. అప్పటికి సాఫ్ట్‌వేర్ అన్న మాటే లేదు. పొలాల్లో, కర్మాగారాల్లో చాలా అంశాలు కలగలిసిన ప్రయోగాన్ని తక్కువసార్లు చేసి ఎక్కువ తెలుసుకోవడం ఎలా అన్నదే ఆనాటి ప్రశ్న.

పోర్టు గేటు ప్రోగ్రాంలో నాలుగు అంశాలు తీసుకోండి. కంటైనర్ పొడవు: 20, 40, 45 అడుగులు. లోపల: ఖాళీ, మామూలు సరుకు, ప్రమాదకర సరుకు. ప్రయాణం: దిగుమతి, ఎగుమతి, తీరప్రాంత రవాణా. పత్రాలు: పూర్తిగా ఉన్నాయి, సగమే ఉన్నాయి, లేవు. ఒక్కో అంశంలో విలువలకు వరసగా 1, 2, 3 అని పేరు పెడితే మొత్తం అమరికలు 81. వాటిలోంచి ఈ తొమ్మిదే తీయండి:

1111, 1222, 1333, 2123, 2231, 2312, 3132, 3213, 3321.

పెన్సిల్ తీసుకుని ఏ రెండు స్థానాలైనా చూడండి, ఉదాహరణకు రెండోదీ నాలుగోదీ. 11, 12, 13, 21, 22, 23, 31, 32, 33. తొమ్మిది జతలూ ఒక్కోసారి వస్తాయి. మరే రెండు స్థానాలు పట్టుకున్నా అంతే. ప్రమాదకర సరుకు, సగం పత్రాలు అనే జత మన కళ్ళు తప్పించుకోదు. అంశాలు 13 అయితే మూడేసి విలువలకు అమరికలు 15,94,323. ఆర్థోగొనల్ అరే 27 టెస్టులతో అన్ని జతల్నీ చూసేస్తుంది.

జపాన్ ఇంజనీర్ గెనిచి టగుచి 1954-55లో కలకత్తాలోని ఆ సంస్థకే వచ్చి కొంతకాలం ఉన్నాడు. తర్వాత ఈ అరేలని కర్మాగారాల నాణ్యతా ప్రయోగాల్లో విరివిగా వాడాడు. 1980లలో అవి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి వచ్చాయి. అక్కడికి వచ్చాక ఒక మార్పు జరిగింది. ఉక్కు కరిగించే ప్రయోగంలో ప్రతిసారీ ఫలితం కొంచెం అటూ ఇటూ అవుతుంది, అందుకని ప్రతి జతా సమానసార్లు రావాలి. ప్రోగ్రాం అలా కాదు, ఒకే పరిస్థితిలో అవే వివరాలిస్తే అదే జవాబిస్తుంది. జత ఒక్కసారి కనబడితే చాలు. ఈ సడలింపుతో వచ్చినవి కవరింగ్ అరేలు. ఆ 27 కాస్తా 15కి దిగింది.

జతలే ఎందుకు? అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో రిచర్డ్ కూన్ బృందం 2004లో ప్రచురించిన పరిశీలన దీనికి ఆధారం. వైద్య పరికరాలు, బ్రౌజర్లు, సర్వర్లు వంటి వాటిలో నమోదైన వైఫల్యాలు చూస్తే ఎక్కువ భాగం ఒకటో రెండో అంశాల కలయికతోనే బయటపడ్డాయి. మూడు, నాలుగు అంశాలు కలిస్తే గానీ రానివి కొన్ని. ఆరు దాటినది వాళ్ళకు కనబడలేదు. అంటే జతల పరీక్ష చాలా పట్టుకుంటుంది, అన్నీ పట్టుకోదు. గేటు ఫారాలకు అది సరిపోతుంది. ఆక్సిజన్ లాన్స్ దగ్గర జతలతో సరిపెట్టుకోకూడదని గట్టిగా చెబుతాను. అక్కడ 8 సందర్భాలే ఉంటే ఎనిమిదీ చేయాలి.

సి.ఆర్. రావు 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకుని, అదే ఏడాది ఆగస్టు 22న 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన చదివిన ఊళ్ళో టెస్టింగ్ పాఠం చెబుతూ ఆయన పేరెత్తకపోవడం అన్యాయం. తొమ్మిది వరసల ఆ పట్టికని బోర్డు మీద రాసి, జతలు లెక్కపెట్టమంటే అరగంట పడుతుంది. ఆ అరగంట ప్రతి క్లాసులోనూ కేటాయించాలి.

మన దగ్గర ఈ సబ్జెక్టు ఎక్కువగా నడిచే తీరు వేరు. పరీక్షలో బ్లాక్ బాక్స్‌కీ వైట్ బాక్స్‌కీ తేడాలు రాయమంటారు. ల్యాబ్‌లో సెలీనియం అనే టెస్టింగ్ పరికరం పెట్టుకుని ఒక లాగిన్ పేజీని పరీక్షిస్తారు: సరైన పాస్‌వర్డ్, తప్పు పాస్‌వర్డ్, ఖాళీ. మూడూ వచ్చాయి, రికార్డు మీద సంతకం పడింది. సెలీనియం మంచి పరికరమే. అది మనం చెప్పిన మీటలు నొక్కుతుంది, ఏ మీట నొక్కాలో చెప్పదు. పైగా క్యాంపస్‌లో ఒక మాట వినబడుతుంటుంది: డెవలపర్ ఉద్యోగం రానివాళ్ళు టెస్టింగ్‌కి వెళతారని. ఇంతకంటే నష్టం చేసే మాట లేదు. గ్లెన్‌ఫర్డ్ మయర్స్ 1979లో రాసిన పుస్తకంలో పట్టుబట్టి చెప్పిన విషయం, టెస్టింగ్ అంటే ప్రోగ్రాం పనిచేస్తుందని చూపించడం కాదని, తప్పు దొరకబుచ్చుకోవాలన్న పట్టుదలతో నడపడమని. పనిచేస్తుందని చూపాలనుకునేవాడు తెలియకుండానే పనిచేసే ఉదాహరణలే ఎంచుకుంటాడు. సీఎస్‌క్యూయూ 305438తో ఆగిపోయిన విద్యార్థి చేసింది అదే.

విశాఖ విద్యార్థికి ఇంకో అనుకూలత ఉంది: చుట్టూ ఉన్న ఊరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఇక్కడ కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, రోజులు పట్టింది తేరుకోవడానికి. గేటు ప్రోగ్రాం నంబరు సేవ్ చేస్తుండగా నెట్‌వర్క్ తెగితే ఏమవుతుంది? కంటైనర్ లోపలికి వచ్చినట్టా, రానట్టా? తిరిగి కలిశాక ఒకే పెట్టె రెండుసార్లు నమోదవుతుందా? ఈ ప్రశ్నలు చాలా నియమాల పత్రాల్లో ఉండవు. తుపాను చూసిన పిల్లలు వీటిని సులువుగా అడగగలరు. ల్యాబ్‌లో కేబుల్ పీకి చూడటానికి ఖర్చేమీ కాదు.

టెస్టులు మంచివో కావో తేల్చే పద్ధతి కూడా ఉంది. 1978లో డెమిల్లో, లిప్టన్, సేవార్డ్ ప్రతిపాదించిన మ్యుటేషన్ టెస్టింగ్ అది. ప్రోగ్రాంలో కావాలనే ఒక చిన్న తప్పు పెడతారు, 512 బదులు 256 అనో, 33 వదలకుండానో. టెస్టులన్నీ నడుపుతారు. ఒక్కటైనా ఎర్రజెండా ఎత్తితే సరే. అన్నీ పచ్చగానే ఉంటే తప్పు ప్రోగ్రాంలోనే కాదు, టెస్టుల్లోనూ ఉంది. పరీక్ష పేపర్ దిద్దడానికి అధ్యాపకులకు ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. నిర్వచనాలకు మార్కులు తగ్గించి, పట్టుకున్న తప్పులకు మార్కులు వేయండి.

చదువుతున్నవారికి ఒక పని. కంటైనర్ లెక్క పైన ఉంది, నియమాలన్నీ ఉన్నాయి. ప్రోగ్రాం రాయకముందే పన్నెండు నంబర్లు ఎంచుకుని, ఒక్కోదాని జవాబు చేత్తో లెక్కగట్టి కాగితం మీద పెట్టుకోండి. వాటిలో ‘ఏ’, ‘బీ’, ‘కే’, ‘ఎల్’, ‘యూ’, ‘వీ’, ‘జడ్’ అన్నీ రావాలి. శేషం 0 వచ్చేది ఒకటి, 10 వచ్చేది ఒకటి ఉండాలి. అయిదంకెలే ఉన్నది, చిన్నబడి అక్షరాలున్నది, ఖాళీగా ఉన్నది కూడా చేర్చండి. తర్వాత ప్రోగ్రాం రాసి, స్నేహితుడికిచ్చి మీకు చెప్పకుండా ఐదు తప్పులు ఒక్కొక్కటిగా పెట్టమనండి. వాటిలో ఏదైనా మీ టెస్టులకు చిక్కకపోతే, దానికోసం పదమూడో టెస్టు రాసి మొత్తం మళ్ళీ నడపండి.